నూట నలభై మూడో కొక్కెం

కూమ్‌హెలిగ్‌లో చూడదగ్గ స్థలాలు ఏడు ఉన్నాయని ఆల్కుయిన్ ట్రెహార్న్ కరపత్రం అచ్చు వేయించేదాకా ఆ ఊళ్ళో ఎవరికీ తెలియదు. అక్కడే పుట్టి, అక్కడే పెళ్ళాడి, అక్కడే మొగుణ్ణి పాతిపెట్టి, డెబ్బయ్యో పడిలో పడ్డ ఎలీనెడ్ ప్రోబర్ట్‌కీ తెలియదు. సోమవారం పొద్దున కార్మిక భవనం వంటగదిలో ఆమె బంగాళాదుంపలు చెక్కు తీస్తుంటే అతను వచ్చి ఆ కాగితాన్ని తడి బల్ల మీద పరిచాడు. ఆమె చేతులు తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని చదివింది. చదివేకొద్దీ మూతి ఒక పక్కకు తిరిగిపోయింది.

మొదటిది చక్రం. బొగ్గుగని మూసేశాక, మనుషుల్ని కిందికీ పైకీ లాగిన ఆ ఇనుప చక్రాన్ని నిలువునా రెండుగా కోశారు. ఒక సగాన్ని ఈ ఊరి మొదట్లో సిమెంటులో పాతారు, రెండో సగాన్ని పక్క ఊరు పాంట్‌వెన్ పట్టుకుపోయింది. అసలు చక్రం తమదేనని రెండూళ్ళూ బోర్డు పెట్టుకున్నాయి. రెండోది కోట. కోట అంటే ఒక గోడ, గోడ అంటే ఆవు వీపు గోక్కునేంత ఎత్తున నాలుగు రాళ్ళు. కరపత్రంలో దాని పేరు 'పన్నెండో శతాబ్దపు రాజసం'. మూడోది సయన్ ప్రార్థనామందిరం, అందులో ఇప్పుడు తివాచీలు అమ్ముతున్నారు. నాలుగోది నదీతీర విహారం, అంటే బస్సులు ఆగేచోటు వెనకాల, నీళ్ళలో సూపర్‌మార్కెట్ తోపుడుబండ్లు తేలుతుండే దారి. ఐదోది 'గర్జించే గళాలు'. గాయకబృందంలో మిగిలింది పదకొండు మంది, పాటకూ పాటకూ మధ్య వాళ్ళకు కుర్చీలు వేయాలి. ఆరోది చదివి ఎలీనెడ్ తలెత్తింది.

"మరుగుదొడ్లు కూడా చూడదగ్గ స్థలమేనా, ఆల్కుయిన్?"

"అది ప్రజా సౌకర్యం. వేరే శీర్షిక కింద పెట్టాను, చూడు."

"వారంలో నాలుగు రోజులు దానికి తాళమేగా?"

"బయటినుంచి చూస్తారు," అన్నాడతను, ఏమాత్రం తడుముకోకుండా.

ఆ ఊళ్ళో ప్రతి మనిషికీ పేరు ముందు వృత్తి తగిలిస్తారు. రొట్టెల టామ్, శవపేటికల హ్యూ, అలా. ఆల్కుయిన్ ముప్పై ఏళ్ళు బీమా అమ్మి పాలసీల ఆల్కుయిన్ అయ్యాడు. రిటైరై, ఊరి వారసత్వ సంఘానికి అధ్యక్షుడయ్యాక కరపత్రాల ఆల్కుయిన్ అయ్యాడు. వాళ్ళ నాన్నది టోపీల దుకాణం. ఇంటిల్లిపాదిలో గనిలోకి దిగిన పాపాన పోయినవాడు లేడు. ఆల్కుయిన్ ఒకే ఒక్కసారి దిగాడు, అదీ పాంట్‌వెన్ మ్యూజియంలో టికెట్టు కొనుక్కుని. దిగినవాడు చీకటికి భయపడి సగంలోనే పైకి వచ్చేశాడని అక్కడ టీ అమ్మే ఆవిడ ఎలీనెడ్‌కు చెప్పింది. బడిలో కూడా అంతే, వానపాముల్ని చూసి ఏడ్చేవాడు.

ఏడోది 'జీవించే వారసత్వం: దీపాల గది'. దాని చిరునామా చూసేసరికి ఎలీనెడ్‌కు ఒళ్ళు మండింది. అది కార్మిక భవనం కింది అంతస్తులో ఉన్న వెనక గది. అంటే ఆమె గురువారం గది.

ప్రతి గురువారం పదకొండింటికల్లా ఆ గదిలో ఇరవై ఒక్కమంది ముసలివాళ్ళు భోజనానికి చేరేవారు. పన్నెండుమంది ఒకప్పటి గని మనుషులు, తొమ్మిదిమంది వాళ్ళతోపాటు పనిచేసినవాళ్ళ విధవరాళ్ళు. గొర్రె మాంసం, దుంపలు, లీకు ఉల్లికాడలు వేసి ఎలీనెడ్ ముందురోజే పులుసు కాచి ఉంచేది, ఒక పూట నిలవుంటే దానికి రుచి వస్తుందని. తర్వాత పెనం మీద కాల్చిన ఎండుద్రాక్ష రొట్టెలు, టీ. మధ్యలో ఒకరినొకరు దెప్పుకోవడం. గోమర్ వాన్ లాంటివాడికైతే వారం మొత్తం మీద నోరు విప్పే రోజు అదొక్కటే.

"మా గురువారాన్ని ఎక్కడికి తోస్తావ్?"

"తొయ్యడమేంటి? మేడ మీద పెద్ద హాలుంది. ఎంత వెలుతురో! వాళ్ళకీ బాగుంటుంది."

"ఇరవై ఏడు మెట్లు."

"చిన్న చిన్న మెట్లేగా."

ఆ పన్నెండు మంది ఊపిరితిత్తుల్లో బొగ్గుదుమ్ము తప్ప ఇంకేమీ లేదు. షాడ్రక్ హాప్కిన్ వీధి చివరికి నడవడానికి మూడుచోట్ల గోడ పట్టుకుని నిలబడతాడు. వాళ్ళను మేడ ఎక్కమంటున్నాడు, వాళ్ళ జ్ఞాపకార్థం కింద గది అలంకరించడానికి. ఇంతకన్నా వెక్కిరింత ఏముంటుందని ఎలీనెడ్‌కు అనిపించింది.

"గురువారం పదకొండింటికి కార్డిఫ్ నుంచి మిస్ ఆష్‌వెల్ వస్తోంది," అన్నాడు ఆల్కుయిన్. "వారసత్వ పట్టణం గుర్తింపు ఇచ్చేది ఆవిడే. ఆవిడ సరే అంటే ఆ గది శాశ్వతంగా ప్రదర్శనకే. ఆ ఒక్కరోజుకి నీ వాళ్ళని పన్నెండున్నరకి రమ్మను. నువ్వు రొట్టెలు కాల్చు. మన సంప్రదాయ వేషం, ఆ పొడవాటి నల్ల టోపీ, ఎర్ర శాలువా వేసుకుని గుమ్మంలో నిలబడు."

"ఆ టోపీ మా అమ్మ పెట్టలేదు, మా అమ్మమ్మా పెట్టలేదు. మీ నాన్న కొట్లో అమ్ముడుపోక మిగిలినవి ఇంకా ఉన్నాయేంటి?"

అతను నవ్వాడు. మర్యాదస్తుడు కదా, తిట్టు తనకు కాదన్నట్టు నవ్వడం బీమా అమ్మేటప్పుడే నేర్చుకున్నాడు. "నీ డబ్బాయే నాకు ప్రాణం పోసింది, ఎలీనెడ్. ఆ బిళ్ళలు లేకపోతే ఈ గదే లేదు," అని వెళ్ళిపోయాడు.

అసలు మంట అక్కడే ఉంది. డబ్బా ఇచ్చింది తనే.

ఆమె తండ్రి హెలిగ్ గనిలో దీపాల గది మనిషి. ఒకటి నుంచి రెండొందల దాకా నంబర్లు వేసిన ఇత్తడి బిళ్ళలు. దిగేవాడు కిటికీలోంచి తన బిళ్ళ ఇచ్చి దీపం తీసుకుంటాడు, బిళ్ళ ఆ నంబరు కొక్కేనికి ఎక్కుతుంది. పైకి వచ్చాక దీపం ఇచ్చి నంబరు చెబుతాడు. ఆయన బిళ్ళ తీసి చేతికిచ్చి, "పైకి" అని గట్టిగా అంటాడు. ఒకరి బిళ్ళ ఇంకొకరు ముట్టుకోకూడదు, ముట్టుకుంటే లెక్క తప్పుతుంది. బిళ్ళ వేలాడుతోందంటే మనిషి ఇంకా కిందే ఉన్నాడని. కొండ అదిరినప్పుడల్లా ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చి ఆ కిటికీలోంచి చూసేది దాన్నే.

గని మూసేసిన రోజు అందర్నీ పైకి తెచ్చాక, ఆయన బిళ్ళలన్నీ చేతికి తీసుకుని బిస్కెట్ల డబ్బాలో పోసుకుని ఇంటికి తెచ్చాడు. తగిలించలేదు. ఆయన పోయాక ఆ డబ్బా వంటగది తొట్టి కింద, పురికొస ఉండల పక్కన పడి ఉంది. మొన్న ఫిబ్రవరిలో ఆల్కుయిన్ 'పాతవేమైనా ఉన్నాయా' అంటూ గుమ్మంలో నిలబడి గంటసేపు ప్రసంగం చేశాడు. పొయ్యి మీద పులుసు పొంగుతోంది. పీడ వదిలితే చాలనుకుని డబ్బా తీసి అతని చేతిలో పెట్టింది. గాజుపెట్టెలో పోసి పెడతాడనుకుంది. తగిలించకూడదని ఈ ఊళ్ళో ఒకరికి ఒకరు చెప్పాలా అనుకుంది.

గురువారం పొద్దున తొమ్మిదింటికి భవనం తలుపు తీసి వెనక గదిలోకి వెళ్ళేసరికి, గోడ నిండా మెరుగుపెట్టిన బిళ్ళలు పచ్చగా మెరుస్తున్నాయి. కొత్త చెక్కకు కొత్త కొక్కేలు, వరసకు ఇరవై చొప్పున పది వరసలు. ఒక్క ఖాళీ లేదు. రెండు వందల మంది కింద ఉన్నారు.

ఎలీనెడ్ బల్ల అంచు పట్టుకుని నిలబడింది. తనకంటే ముందు తన కాళ్ళే భయపడ్డాయి. పిల్లప్పుడు ఆ ఆడవాళ్ళ మధ్య కిటికీ దగ్గర నిలబడ్డ కాళ్ళవి. తర్వాత కళ్ళు వాటంతటవే నూట నలభై మూడు దగ్గరికి పోయాయి. అక్కడ ఏమీ ఉండకూడదు. బిళ్ళ ఉంది. మిగతా వాటిమీద గీతలు, సొట్టలు ఉన్నాయి. దీనిమీద లేవు.

"ఇదెక్కడిది?"

మూలన దీపం సర్దుతున్న ఆల్కుయిన్ గర్వంగా తిరిగాడు. "కనిపెట్టేశావా! డబ్బాలో అదొక్కటే తక్కువైంది. మధ్యలో బోసిగా ఉంటే పన్ను ఊడినట్టు చూడ్డానికి బాగోలేదు. పాంట్‌వెన్‌లో బూట్లు బాగుచేసి, తాళంచెవులు కోసేవాడి చేత చేయించాను. అచ్చం అలాగే దించాడు కదూ?"

"అది ఎవరి నంబరో తెలుసా నీకు?"

"ఎవరిదో ఒకరిది."

"ఎమ్రిస్ వాన్‌ది. గోమర్ తమ్ముడిది."

ఆమె చెప్పింది. ఎమ్రిస్‌కు పంతొమ్మిదేళ్ళు. అన్నదమ్ముల నంబర్లు పక్కపక్కనే, గోమర్‌ది నూట నలభై రెండు. పైకప్పు కూలింది. రెండు రోజులు తవ్వితే గాని పిల్లవాడు దొరకలేదు. ఆ రెండు రోజులూ వాళ్ళమ్మ కిటికీ దగ్గర నిలబడి నూట నలభై మూడుని చూస్తూనే ఉంది. మూడోరోజు దీపాల గది మనిషి దాన్ని తీసి, ఇంటికి వెళ్ళి ఆ తల్లి చేతిలో పెట్టాడు. ఆ నంబరు మళ్ళీ ఎవరికీ ఇవ్వలేదు. ఆమె దాన్ని ఇరవై ఏళ్ళు గౌను జేబులో పెట్టుకు తిరిగింది, అది ఆమెతోనే మట్టిలోకి పోయింది.

ఆల్కుయిన్ విన్నాడు. నొసలు చిట్లించి విన్నాడు. ఎలీనెడ్‌కు ఒక్క క్షణం ఆశ పుట్టింది.

"ఎంత హృదయవిదారకం," అన్నాడతను. "కింద చిన్న అట్టముక్క మీద రాసి పెడితే ఎలా ఉంటుంది?"

ఆమె కుర్చీ లాగి ఎక్కబోయింది. అతను అడ్డం నిలబడ్డాడు. "ఈరోజు కాదు. ఫోటోలన్నీ వెళ్ళిపోయాయి. రెండొందలు అని రాశాను, నూట తొంభై తొమ్మిదంటే ఏం బాగుంటుంది? ఆవిడ వెళ్ళాక నీ ఇష్టం. ఎటూ గోమర్ వచ్చేది పన్నెండున్నరకి కదా?"

ఆ మాట నిజమే అనుకుని ఎలీనెడ్ వంటగదిలోకి వెళ్ళి రొట్టెల పిండి కలిపింది. పిండిని ఆల్కుయిన్ మొహం అనుకుని గుద్దింది. అయితే ఆ ఊరి ముసలివాళ్ళకు గడియారం మార్చమని చెప్పడం ఎవరి తరం? ముప్పై ఏళ్ళు హారన్ కూతకు లేచినవాళ్ళు. పైగా జోరున వాన, బస్సు దిగేచోట పైన రేకు లేదు, ఉన్న రేకుని ఆల్కుయిన్ సంఘమే ఊరి అందానికి అడ్డమని పీకించింది. పదకొండుకు పది నిమిషాలుండగానే ఇరవై ఒక్కమందీ తడిసి, దగ్గుతూ, తిట్టుకుంటూ గుమ్మంలో దిగారు. వాళ్ళ వెనకే తెల్లకారు ఆగి, అందులోంచి సన్నటి పొడుగాటి మిస్ ఆష్‌వెల్ దిగింది.

"ఎలీనెడ్ బాఖ్, తలుపు తియ్యి, చచ్చేట్టున్నాం!" అని షాడ్రక్ కర్రతో తలుపు కొట్టాడు. ఆ ఊళ్ళో ముద్దొస్తే ముసలమ్మని కూడా బాఖ్ అనే పిలుస్తారు. "నీ మొగుడు పోయాక నీకు చెవులు కూడా పోయాయా?"

"వాకిట్లో గోల చేస్తున్నది నువ్వేనని తెలిసే ఆలస్యం చేశా," అంది ఆమె. మేడమెట్ల దగ్గర నిలబడి, "కాసేపు ఇక్కడే కూర్చోండి, లోపల ఇంకా సర్దలేదు," అని చేతులు చాపింది. ఎవరు వింటారు? వెచ్చదనం ఉన్నది లోపల. గొర్రెలమంద దొడ్లోకి తోసుకుపోయినట్టు తోసుకుపోయారు.

ఆల్కుయిన్ మిస్ ఆష్‌వెల్‌ను వాళ్ళందర్నీ దాటించి ముందే లోపలికి తీసుకొచ్చి, గోడ ముందు చేతులు ఊపుతున్నాడు. "ఇదిగోండి, ఒక గని గుండెచప్పుడు. రెండు వందల బిళ్ళలు, రెండు వందల కుటుంబాలు..."

అంతలో గదిలో దగ్గులు ఆగిపోయాయి. ఇరవై ఒక్కమందీ గోడకేసి చూస్తున్నారు. షాడ్రక్ తలమీది టోపీ తీశాడు. తక్కినవాళ్ళూ తీశారు. ఎలీనెడ్ గోమర్ వైపు చూడలేక చూసింది. అతను చూస్తున్నది ఎక్కడో ఆమెకు తెలుసు. అతని మొహంలో ఏమీ కదల్లేదు, చేతిలోని గొడుగు మాత్రం జారి కింద పడింది.

"భలే సమయానికి వచ్చారు," అన్నాడు ఆల్కుయిన్, పరిస్థితిని చక్కదిద్దుతున్నాననుకుని. "వీళ్ళే మన వీరులు, మిస్ ఆష్‌వెల్! చూశారా, మాటలే రావడం లేదు వాళ్ళకి."

షాడ్రక్ కర్ర టకటకలాడించుకుంటూ బోర్డు ముందుకు వెళ్ళాడు. ఆల్కుయిన్‌ను పక్కకు జరగమని కూడా అనలేదు, కుర్చీని నెట్టినట్టు భుజంతో నెట్టాడు. నిలబడి, బోర్డుకేసి, "అరవై ఒకటి," అన్నాడు.

అని ఊరుకున్నాడు. అందుకోవచ్చు, చేతికి అందేంత ఎత్తులోనే ఉంది. కాని అందుకోలేదు. అరచేయి చాపి నిలబడ్డాడు. దీపాల గది మనిషి ఇవ్వాలి, మనం తీసుకోకూడదు.

ఎలీనెడ్ చేతులకు ఇంకా పిండి ఉంది. జేబురుమాలుతో తుడుచుకోవడం కూడా మరిచి, బోర్డు దగ్గరికి వెళ్ళి, అరవై ఒకటి తీసి షాడ్రక్ అరచేతిలో పెట్టింది. పెట్టాక ఏం అనాలో ఆమె ఆలోచించలేదు. తండ్రి గొంతు తన గొంతులోంచి వచ్చింది.

"అరవై ఒకటి, పైకి!"

"ఇన్నాళ్ళు పట్టిందేవే," అని గొణిగి, షాడ్రక్ బిళ్ళని చొక్కాజేబులో వేసుకుని వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు.

తర్వాత వాళ్ళే వరస కట్టారు. పన్నెండు. నూట ఎనిమిది. ఎనభై నాలుగు. ఒక్కొక్కరూ వచ్చి నంబరు చెప్పడం, ఆమె తీసి ఇవ్వడం, "పైకి" అనడం. విధవరాళ్ళూ వచ్చారు. మార్ఫిద్ అనే ఆవిడ ముక్కు ఎగబీలుస్తూ, "మా ఆయనది, నూట డెబ్బై. గనిలో పోలేదు మహానుభావుడు, మంచంలో ఆరేళ్ళు నాచేత చాకిరీ చేయించుకుని పోయాడు. ఇవ్వు," అంది. ఎలీనెడ్ ఇచ్చింది. తన మొగుడి నంబరు తొంభై. దాన్ని తీసి, "పైకి" అని, తన ఏప్రన్ జేబులోనే వేసుకుంది. అడిగేవాళ్ళు లేని బిళ్ళలు ఇంకా నూట డెబ్బైకి పైగా మిగిలాయి. ఆమె ఒక్కో నంబరూ చదివింది, కుర్చీల్లోంచి వాళ్ళు జవాబు చెప్పారు. "పావురాల బిల్లీ! దుమ్ముతో పోయాడు, ఆస్పత్రిలో." "ఎడమచేతి ఎబెన్! పెళ్ళాం చెల్లెలితో లేచిపోయి బ్రిస్టల్‌లో తేలాడు, బతికే ఉండుంటాడు వెధవ." నవ్వారు కూడా. ఒక్కొక్కటే బిస్కెట్ల డబ్బాలో గలగలమని పడింది. పొయ్యి మీద పులుసు అడుగంటుతున్న వాసన వచ్చినా ఎవరూ కదల్లేదు.

ఆఖరికి రెండు మిగిలాయి.

గోమర్ వచ్చి నిలబడ్డాడు. "నూట నలభై రెండు."

"నూట నలభై రెండు, పైకి."

అతను బిళ్ళ పుచ్చుకున్నాడు గాని కదల్లేదు. ఎలీనెడ్‌కు ఆల్కుయిన్ మీద ఎంత కోపం వచ్చిందో తన మీదా అంత వచ్చింది. ఆ డబ్బా ఇచ్చిన చేయి ఇదే కదా అనుకుంది.

"నూట నలభై మూడు," అన్నాడు గోమర్.

ఆమె ఆ కొత్త బిళ్ళ తీసింది. "నూట నలభై మూడు," అంది. ఎమ్రిస్ బిళ్ళ తీసిన ఆ మూడోరోజు, ఆ తర్వాతి మాట తండ్రి అనలేదు. ఆయన అనలేకపోయాడు. ఆమె అంది. "పైకి."

గోమర్ తల ఊపాడు. ఆమె చేతిలోని బిళ్ళ వైపు చూసి, "అది వాడిది కాదు. వాడిది అమ్మ దగ్గరుంది," అని వెళ్ళి కూర్చున్నాడు. ఎలీనెడ్ ఆల్కుయిన్ దగ్గరికి వెళ్ళి ఆ బిళ్ళని అతని కోటు పైజేబులో, పట్టు రుమాలు వెనకాల దోపింది.

"నువ్వు చేయించావ్. నువ్వే మొయ్యి," అంది.

ఆల్కుయిన్ మొహం కందగడ్డలా అయింది. ఏదో అనబోయేలోపు వెనక చప్పట్లు వినిపించాయి. మిస్ ఆష్‌వెల్ కళ్ళు తుడుచుకుంటోంది. ఇంకో చేతిలో ఫోను, మొత్తం రికార్డు చేసింది.

"నా జీవితంలో ఇంత గొప్ప ప్రదర్శన చూడలేదు," అందావిడ. "ఆ ఆలస్యం, ఆ నంబర్లు, ఆ చివరిది... ఎన్ని రోజులు సాధన చేశారండీ?"

షాడ్రక్ నోరు తెరుచుకుని ఉండిపోయింది. ఎలీనెడ్‌కు అంతదాకా ఆల్కుయిన్ ఒక్కడే లోకంలోకెల్లా బుద్ధిలేనివాడన్న నమ్మకం ఉండేది. ఇప్పుడు అతను ఒంటరి కాడని అర్థమైంది. ఆ నమ్మకం ఇంత సులువుగా పోయినందుకు ఆమెకు నవ్వొచ్చింది.

ఆల్కుయిన్ తేరుకోవడానికి ఒక్క రెప్పపాటు పట్టింది. "మూడు నెలలు," అన్నాడు వినయంగా. "ఆలోచన నాదే అనుకోండి."

"మీకు గుర్తింపు ఖాయం. ఒకటే షరతు. ప్రతివారం ఇది ఇలాగే జరగాలి, ఇదే మనుషులతో. మనుషులు లేకపోతే ఇది ఉత్త గోడ."

"ప్రతి గురువారం! పదకొండింటికి! కరపత్రంలో వేసేస్తాను!"

ఎలీనెడ్ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. చీపురు తీసుకుని ఇద్దర్నీ వానలోకి ఊడ్చేయాలనిపించింది. కాని ఆమె ముప్పై నాలుగేళ్ళుగా ఆ భవనం తాళాలు మోస్తున్న మనిషి, ఏ తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలుసు.

"వీళ్ళు వచ్చేది భోజనానికమ్మా," అంది ఆవిడతో, తేనె పూసినట్టు. "భోజనం ఇక్కడుంటేనే ఇక్కడికొస్తారు. మేడ మీదుంటే ఒక్కడూ రాడు. మెట్లెక్కేసరికే సగంమంది పోతారు."

"మేడ మీదా? వీళ్ళనా?" మిస్ ఆష్‌వెల్ ఆల్కుయిన్ వైపు తిరిగింది. "ఆ ఆలోచన ఎవరిదండీ?"

ఆ ఆలోచన ఎవరిదో ఆల్కుయిన్‌కు గుర్తు రాలేదు. గురువారం భోజనం శాశ్వతంగా కింది గదిలోనేనని మిస్ ఆష్‌వెల్ తన కాగితం మీద రాయించి, అధ్యక్షుడి చేత సంతకం పెట్టించి, మాడిన పులుసు రెండుసార్లు వడ్డించుకుని, అదీ ప్రదర్శనలో భాగమే అనుకుని, వెళ్ళిపోయింది.

శుక్రవారం నుంచి ఆల్కుయిన్ ఇంటింటికీ తిరిగాడు, బిళ్ళలు వెనక్కి ఇమ్మని. షాడ్రక్ తనది పోయిందన్నాడు. మార్ఫిద్ తనది మింగేశానంది. డబ్బా ఎక్కడని ఎలీనెడ్‌ను అడిగితే, "ఏ డబ్బా?" అంది. రెండొందలు కొత్తవి చేయించడానికి ఊళ్ళోని తాళంచెవుల దుకాణానికి వెళ్ళాడు. అది షాడ్రక్ కూతురిది. ఆమె అతను చెప్పేదంతా శ్రద్ధగా విని, దుకాణం మూసేస్తున్నానంది. అప్పుడు టైము పొద్దున పది. పాంట్‌వెన్‌కు వెళ్తే అక్కడివాడు, కూమ్‌హెలిగ్ నుంచి ఫోనొచ్చింది, నీకు చెయ్యను పొమ్మన్నాడు. రెండూళ్ళ మధ్య ఒక విషయంలో ఒప్పందం కుదరడం చక్రం కోసినప్పటినుంచి అదే మొదటిసారి. కొత్త కరపత్రాలు మాత్రం అప్పటికే అచ్చై పోయాయి.

మళ్ళీ గురువారం వచ్చింది. పదకొండు కొట్టేసరికి సందర్శకుల బస్సు ఆగి, రంగురంగుల వానకోట్ల వాళ్ళు ముప్పైమంది వెనక గది గుమ్మంలో గుమిగూడారు. ఆల్కుయిన్ ముందు నిలబడి చేతులు నలుపుకుంటున్నాడు. లోపల ఇరవై ఒక్కమందీ తలలు దించుకుని పులుసు జుర్రుతున్నారు. గోడ మీద రెండు వందల కొక్కేలు, అన్నీ ఖాళీ. ఎలీనెడ్ గరిటెతో గిన్నె దగ్గర నిలబడి ఎవరినీ పట్టించుకోలేదు.

మెడలో కెమెరా వేసుకున్న ఒకాయన కరపత్రాన్నీ గోడనీ మార్చి మార్చి చూశాడు. గుమ్మానికి దగ్గరగా కూర్చున్నది గోమరే కాబట్టి అతని భుజం తట్టాడు.

"ఏమండీ, ఇక్కడ చూడ్డానికేముంది?"

గోమర్ చెంచా కింద పెట్టాడు. గోడకేసి చూశాడు, తీరిగ్గా, వరస తర్వాత వరస, నూట నలభై మూడు దగ్గర ఆగకుండా చివరిదాకా.

"ఏమీ లేదు," అన్నాడు. "అందరూ పైకొచ్చేశారు. తలుపెయ్యండి, చలి."